తూర్పు చెక్క ఏం చెబుతుందో

విత్తే రోజున విత్తనాల సంచి కంటే ముందు నీళ్ల చెంబు పొలానికి చేరాలి. అక్కడివాళ్ల పద్ధతి అది. సాలు మొదట్లో నిలబడి నోటినిండా నీళ్లు పోసుకుంటారు. బుగ్గలు ఉబ్బించుకుని, నడుం వంచి, సాలు పొడుగునా గింజలు జారవిడుచుకుంటూ పోతారు. చివరికి చేరాక నీళ్లు ఉమ్మేసి, మళ్లీ చెంబెత్తుతారు. దూరం నుంచి చూసేవాళ్లకి పొలం నిండా పంటినొప్పి మనుషులు వంగి తిరుగుతున్నట్టు ఉంటుంది.

సాల్లో పడ్డ మాట గింజతోపాటే మొలుస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. మొలిచిన మాట పూత విచ్చే వేళకి పైకి వినిపిస్తుంది. దీన్నొక వింతగా అక్కడ ఎవరూ చెప్పుకోరు. కలుపు మొలుస్తుంది, మాట మొలుస్తుంది, రెండింటినీ కనిపెట్టి ఉండాలి, అంతే.

కనిపెట్టి ఉండనివాళ్లూ ఉంటారు. కాలవ పక్క పొలం ఆయన ఒక ఏడు జొన్న వేస్తూ సాలు నడుమ తుమ్మాడు. కంకి బయటపడ్డప్పట్నుంచి కోత దాకా గాలి వీచినప్పుడల్లా ఆయన చేను తుమ్మింది. పిట్టల బెడద తప్పిందని ఆయన సంబరపడ్డాడు గానీ, తుమ్ములాయన అనే పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంకో ఇంటి మొగుడూ పెళ్లాలు వేరుశెనగ వేస్తూ దెబ్బలాడుకున్నారు. వేరుశెనగ మాట భూమిలోనే ఉంటుందిలే, ఎవరు వింటారు అనుకున్నారు. తీరా పీకే రోజున కూలివాళ్లందరి ముందూ ఒక్కో మొక్కా ఒక్కో తిట్టుతో ఊడి వచ్చింది.

నవ్వుకోవడానికి ఇవి బాగానే ఉంటాయి. కానీ చెడ్డమాట మొలిచిన చేను గింజని మిల్లు తీసుకోదు. మరలో పడితే ఆ మాట మళ్లీ లేస్తుంది, పిండిలో కలుస్తుంది, సంబంధం లేని ఇంటికి వెళ్లి కూర్చుంటుంది. అందుకే మిల్లు దగ్గర తూకం వేసే మనిషి బస్తాని కాటా మీదికి ఎత్తేముందు మూతి విప్పి, చెవి ఆనించి వింటాడు. నోరున్న గింజ అని తేలితే వెనక్కి పంపేస్తాడు.

ఈ ఏడు గొడవ వచ్చింది ఆ తూకం మనిషి తల్లి పొలంలోనే.

ఆమెని అందరూ పెద్దామె అంటారు. పొద్దు పొడవకముందే చేనంతా ఒకసారి చుట్టి రావడం ఆమెకి అలవాటు. ఆకు తిరగేసి చూస్తుంది. మొవ్వులో వేలు పెట్టి పురుగు రెట్ట తగులుతుందేమో తడుముతుంది. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి చెయ్యి విప్పుతుంది. ఉండ పొడిగా రాలితే నీళ్లు కావాలి, వేలిముద్రలు నిలిస్తే ఇంకా ఆగొచ్చు. చేను సంగతి ఆమె చేతులకి తెలుసు. చేతులకి తెలిసింది ఈమధ్య తలకి అందడం లేదు.

యూరియా చల్లుతూ చల్లుతూ మంచినీళ్లకని ఆగితే, తిరిగొచ్చేసరికి ఎక్కడి దాకా చల్లిందో తెలిసేది కాదు. పోయినేడు ఒక పట్టీకి రెండుసార్లు పడింది. ఆ పట్టీ అంతా నల్లగా కనిపించేంత పచ్చగా, అందరికంటే ఏపుగా లేచి, మొదటి గాలివానకే పడుకుంది. అప్పట్నుంచి ఆగిన చోటల్లా పుల్ల పాతడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి చేనంతా పుల్లలే. ఏ పుల్ల ఎందుకు పాతిందో మాత్రం ఆమెకి తెలియదు.

అది పసిగట్టింది కోడలు. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుట్టే పిల్ల. పట్నంలో పుట్టి పెరిగింది. మధ్యాహ్నం క్యారియరు తేవడం తప్ప పొలంతో ఆమెకి పని లేదు. ఒకరోజు క్యారియరు గట్టున పెట్టి ఆ పుల్లలన్నీ చూసి వెళ్లింది. మర్నాడు కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపీలికలు గుప్పెడు పట్టుకొచ్చింది.

"అత్తయ్యా, ఎరువు వేసిన చోట ఎర్రది కడదాం. నీళ్లు పెట్టిన మడికి నీలం. కలుపు తీస్తే పసుపు."

"మందు కొడితే?"

"దానికి నల్లది."

"చేనుకి బట్టలు కుడుతున్నావటే?"

"కొలతలు మీరిస్తే కుడతాను."

పెద్దామె నవ్వింది. సాయంత్రానికి ఎందుకు నవ్విందో మర్చిపోయింది, గాలికి ఆడుతున్న పీలికల్ని చూసి మళ్లీ నవ్వింది. ఆ తర్వాత రోజూ కోడలు వచ్చి ఏ మడికి ఏం చేశారని అడిగి రంగు కట్టి వెళ్లేది. అడిగిన సంగతి మొగుడికి చెప్పేది కాదు. పొద్దున్నే ఏదో వెతుకుతున్నట్టు వంటింట్లోకి వచ్చి, అత్తగారు మరిచిపోయిన పొయ్యి ఆర్పి వెళ్లేది. అదీ ఎవరికీ చెప్పేది కాదు.

ఈ ఏడు మొక్కజొన్న విత్తే వేళకి పొలంలో పడమటి సగం, పడమటి చెక్క, కూలివాళ్లు వేసి వెళ్లారు. తూర్పు చెక్కకి వాళ్లు రాలేదు. ఎండ చూస్తే నేల పదును ఆరిపోయేలా ఉంది. పెద్దామె ఒక్కతే సంచి నడుముకి కట్టుకుని దిగింది. పక్క పొలం తుమ్ములాయన తన గట్టు మీంచి చూశాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకోక, నేరుగా మిల్లుకి వెళ్లాడు.

"మీ అమ్మ నోట్లో నీళ్లు లేవు అబ్బాయ్."

"నువ్వు చూశావా బాబాయ్?"

"చూడకుండా చెబుతానా? పెదవులు ఆడుతున్నాయి. ఒక సాలనుకుంటే పొరపాటని ఊరుకుందును. ప్రతి సాల్లోనూ ఆడుతూనే ఉన్నాయి. చెంబు గట్టున బోర్లించి ఉంది."

"ఏమంటోంది?"

"నా వైపు వచ్చినప్పుడు గాలి ఎదురు కొట్టింది. వినపడితే చెప్పనా?"

ఇంటికొచ్చిన కొడుకు చెప్పులు విడవకుండానే అడిగాడు. "అమ్మా, విత్తేటప్పుడు నోట్లో నీళ్లు పోసుకున్నావా?"

"పోసుకోకుండా ఎవరన్నా విత్తుతారా?"

"ఎవరి సంగతో వద్దు. నువ్వు పోసుకున్నావా?"

పెద్దామె ఆలోచించింది. చెంబు గుర్తుంది. పళ్లకి తగిలిన చల్లదనం గుర్తుంది. అది ఇవాళ్టి చల్లదనమో, కొత్త కోడలిగా వచ్చిన ఏటిదో తేలలేదు.

"గుర్తు లేదురా," అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఇక అక్కణ్ణించి అందరూ తూర్పు చెక్క వైపే చూడటం మొదలుపెట్టారు. మొలక వచ్చింది. రెండేసి లేచిన చోట బలహీనమైనదాన్ని పీకేశారు. కలుపు తీశారు. మోకాలెత్తుకి వచ్చింది, ఎర్రపీలికలు కట్టారు. మొవ్వులో కత్తెర పురుగు కనిపిస్తే నల్లపీలికలు కట్టారు. ఎన్నో ఏళ్లుగా ఆ చెక్క అంత బాగా ఎదగలేదు. చూసి సంతోషపడాల్సిన చేనుని చూస్తే అందరికీ భయం. చేను పెరుగుతున్న కొద్దీ ఇల్లు ఇరుకైపోయింది.

కొడుక్కి తన భయం ఉంది. పోయినేడు చేను పడిపోయిన రోజున, నీ తలకాయలో ఇంకేం మిగల్లేదమ్మా అనేశాడు. ఆ మాట ఆమె మనసులో పెట్టుకుని సాల్లో కక్కేసిందేమోనని అతని అనుమానం. ఉన్నట్టుండి తల్లికి మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చాడు. భోజనాల దగ్గర ఇంకాస్త వేసుకోమని బతిమాలాడు. తుమ్ములాయన భయం తుమ్ములాయనది. ఇన్నేళ్లూ గట్టు చెక్కుతూ వచ్చిన మనిషి, ఆ నెలలో పార తీసుకుని గట్టుకి తన వైపు మట్టే ఎత్తి పోశాడు.

"ఏమయ్యా, గట్టుకి ఒళ్లొచ్చింది?" అంది పెద్దామె.

"వానలకి కరిగిందని వదినా."

"వానలు పడ్డాయా?"

ఆయన తుమ్మాడు.

పెద్దామెకి ఉన్న భయం మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సన్నటి వేళ్లు చూసి, ఈ పిల్ల చేతులు సూదికే గానీ మట్టికి పనికిరావు అనుకుంది. ఒకసారి అనుకుని ఊరుకోలేదు. కలుపు తీస్తూ, కండెలు విరుస్తూ, విసుగొచ్చినప్పుడల్లా ఆ మాటే గొణుక్కునేది. ఏళ్ల తరబడి నడిచి నడిచి ఆ మాట ఆమె నోట్లో బాట వేసుకుంది. తెలియకుండా పెదవులు ఆడాయంటే, ఆ బాటనే ఆడి ఉంటాయి. ఇప్పుడా పిల్లే పొయ్యి ఆర్పుతోంది, పీలికలు కడుతోంది. రేపు అందరి ముందూ చేను నోరు తెరిచి ఆ మాట అంటే? మిషను రిక్షాలో పెట్టించుకుని పుట్టింటికి పోతుంది. పోనీ, పోకుండా ఉండిపోయి పీలికలు కట్టడం మానేస్తుంది. రెండోదే ఆమెకి ఎక్కువ భయం.

ఒకరోజు భోజనాల దగ్గర కొడుకు కంచం వైపు చూస్తూ అన్నాడు. "పూత రాకముందే తూర్పు చెక్క పచ్చిమేతకి కోయించేస్తాను. మనుషులకి చెప్పాను."

కోడలు గరిటె ఆపింది. "ఏమందో తెలియకుండానే కోసేస్తారా?"

"తెలిశాక కోసి ఏం లాభం? అందరూ విన్నాక? మిల్లులో అప్పుడే అడుగుతున్నారు, మీ చేను సంగతేమిటని. నా చేను గింజ దగ్గర నేనే చెవి పెట్టి, నేనే వెనక్కి పంపాలా?"

"మంచిమాటే అయ్యుండొచ్చు కదా."

"ఒంటరిగా పొలంలో ముసలాళ్లు మంచిమాటలు మాట్లాడతారా?" అని, తల్లి అక్కడే ఉందని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "వచ్చే ఏటి నుంచి బాబాయికి కౌలుకి ఇచ్చేద్దాం. అమ్మకీ విశ్రాంతి."

కోడలు అత్తగారి వైపు చూసింది. పెద్దామె దెబ్బలాడుతుందని, కంచం తోసేస్తుందని ఇద్దరూ అనుకున్నారు.

"కోసెయ్యండి," అంది పెద్దామె.

మర్నాడు గట్టు మీద కోడలు ఆమెని నిలదీసింది. "మీరెందుకు కొయ్యమన్నారు?"

"నీకు తెలియదులే అమ్మాయ్."

"చెబితే తెలుస్తుంది."

"చెబితే ఇప్పుడే మొలిచినట్టు."

కోడలు ఒక ఆకు పట్టుకుని చూసింది. పొద్దున్నపూటే ఆకు చుట్టలా చుట్టుకుని ఉంది. "ఇదేమిటి ఇలా ఉంది? మధ్యాహ్నం ఎండకి చుట్టుకుంటే ఫరవాలేదన్నారు కదా మీరు?"

"పొద్దున్నే చుట్టుకుందంటే దాహం."

"ఇవాళ మన వంతు నీళ్లు కదా?"

పెద్దామె కాలవ వైపు చెయ్యి చూపించింది. నీళ్లు మళ్లించే మడవ తుమ్ములాయన పొలంలోకి తిప్పి ఉంది. కోసేసే చేనుకి నీళ్లెందుకని కొడుకే ఇచ్చేశాడు.

"మీరు చెప్పలేదు, నేను వినలేదు. మధ్యలో చేనెందుకు ఎండాలి?" అంది కోడలు.

పెద్దామె మొక్క పైభాగాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసింది. లోపల పూత గట్టిగా, ఉబ్బుగా తగిలింది. వచ్చేస్తోంది. ఈ పిల్లని గట్టు మీంచి, ఇంట్లోంచి, ఎక్కడికన్నా దూరంగా పంపేయాలనిపించింది. ఎక్కడికని పంపుతుంది? పక్కింటికి పంపినా చేను మాట వినపడుతుంది.

కోతవాళ్లు చెప్పిన రోజుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎక్కడో వేరే చేను దొరికిందట. కొడుకు ఫోను మీద ఫోను చేశాడు. ప్రతి పొద్దునా లేవగానే ముగ్గురూ వేరువేరుగా, ఒకరికొకరు తెలియకుండా, పెరట్లోకి వెళ్లి తూర్పు వైపు చెవి పెట్టి విని వచ్చారు. ఆకుల గలగల తప్ప ఏమీ లేదు.

చివరికి ఒక పొద్దున్నే ట్రాలీ వచ్చింది. కోతవాళ్లందరూ తలకీ చెవులకీ కలిపి గుడ్డలు బిగించుకుని ఉన్నారు. వాళ్ల మేస్త్రి ఒక లావుపాటి ఆడమనిషి.

"మాకేం భయం లేదు బాబూ," అంది కొడుకుతో, అవసరానికి మించి గట్టిగా. "గుడ్డలు బిగించాం. మీ చేను మా తాతల్ని తిట్టినా వినపడదు."

"తిట్టకముందే కొయ్యండి," అన్నాడు కొడుకు.

తుమ్ములాయన పార భుజాన వేసుకుని చూడ్డానికి వచ్చాడు. ఆయన పొలంలో నీళ్లు గట్టు అంచుల దాకా మెరుస్తున్నాయి. పెద్దామె గట్టున కూర్చుంది. కోడలు ఆమె వెనకాల నిలబడింది. ఇంట్లోనే ఉండమంటే వినలేదు.

మేస్త్రి మొదటి సాల్లోకి దిగి, ఎడంచేత్తో మొక్క నడుం పట్టుకుని, కొడవలి వంచింది. అప్పుడే ఎండ గట్టు దాటి మొక్కల తలల మీద పడింది. మేస్త్రి తల మీద పసుపు పొడి కొంచెం రాలింది. ఆమె పైకి చూసింది. పూత విచ్చింది.

"అమ్మాయ్," అంది సాలు.

పెద్దామె గొంతే. కానీ ఇప్పటి గొంతు కాదు, తడబాటు లేని గొంతు. ఈ చివరి నుంచి ఆ చివరికి మొక్క తర్వాత మొక్క అందుకుని చెబుతోంది. మేస్త్రి కొడవలి అలాగే ఉంది. గుడ్డ కట్టుకున్నా ఆమెకి వినపడిందని అందరికీ తెలిసింది. పెద్దామె కళ్లు మూసుకుంది.

"అమ్మాయ్, నువ్వు వింటున్నావనుకుని చెబుతున్నాను. నాకు ఒక్కొక్కటే పోతోంది. మొత్తం పోకముందు ఇక్కడ దాస్తున్నాను. నోట్లో నీళ్లు పోసుకుంటే గింజ ఒక్కటే దిగుతుంది. అందుకని చెంబు బోర్లించి వచ్చాను. నేను మర్చిపోతాను, నువ్వు భయపడకు."

ఎండ రెండో సాలు మీదికి జరిగింది.

"గింజ లోతు నీ వేలి రెండో గీత దాటకూడదు. భూమి పొడిగా ఉంటే గీత దాటొచ్చు, తడి ఎక్కువైతే గీతకి ముందే ఆగాలి. మొక్కజొన్న మీద మళ్లీ మొక్కజొన్న వెయ్యకు. మధ్యలో బొబ్బర్లు వెయ్యి, అవి భూమికి కొంత తిరిగి పెట్టి పోతాయి."

ఆ తర్వాతి సాలు ఆకుల సంగతి చెప్పింది. అడుగాకు కొస నుంచి నడుమ ఈనె వెంట పసుపెక్కితే అది యూరియా ఆకలి, అంచులు మాడితే అది వేరే ఆకలి, లేత మొక్క ఊదారంగు తిరిగితే ముందు చలి తగ్గేదాకా ఆగి చూడు, ఊరికే ఎరువు కుమ్మరించకు. మొదటి నెల కలుపుకి ఒక్క పూట కూడా వదలకు, తర్వాత చేను నీడే దాన్ని చూసుకుంటుంది. కోతవాళ్లలో ఒకామె మెల్లగా చెవి గుడ్డ ముడి విప్పుకుంది. ఆమెకీ ఎక్కడో కాస్త పొలం ఉంది.

"తుమ్ములాయన ఏటా గట్టుని మన వైపు జరుపుతాడు," అంది తర్వాతి సాలు. ఎవరూ ఆయన వైపు చూడలేదు, చూడకపోవడమే ఆయనకి ఎక్కువ కష్టమైంది. "పోట్లాడకు. గట్టు మీద కంది వెయ్యి. వేళ్లు లోతుకి దిగి గట్టుని కదలనివ్వవు. కాయ కాశాక ఆయనకీ కొంచెం పంపు."

పెద్దామె కళ్లు ఇంకా తెరవలేదు. తర్వాతి సాలు ఏం చెబుతుందో ఆమె తలకి తెలియదు గానీ, పెదవులకి తెలుసు.

"అమ్మాయ్, నీ చేతులు సూదికే గానీ మట్టికి పనికిరావని చాలాకాలం అనుకున్నాను."

సాలు అయిపోయింది. సరిగ్గా అప్పుడే మబ్బు వచ్చి ఎండని కప్పేసింది.

చేను మూగబోయింది. కొడుకు నేల చూపులు చూశాడు. మేస్త్రి కొడవలి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. పెద్దామె కళ్లు తెరిచింది, వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే ఆ పిల్ల ముఖం చూడాలి. ఏదో ఒకటి చెప్పాలి, ఆ మాటకి అతుకు వెయ్యాలి. గట్టు మీద వెనకాల అడుగుల చప్పుడేమన్నా వినపడుతుందా అని మాత్రం వింది. మబ్బు నింపాదిగా, ఎవరి పనీ పట్టనట్టు, పోయింది.

ఎండ తర్వాతి సాలు తాకింది.

"చెంబు కోసం చెయ్యి చాచాను, లేదు. బోర్లించాను కదూ. ఏమంటున్నాను? ఆఁ, నీ చేతులు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతావు. వరండాలో కూర్చున్నప్పుడు చాలాసార్లు చూశాను. గింజ వేసే చేతికి కావలసింది అదే. నాకు తెలియడం ఆలస్యమైంది, అందుకే ఇంత హడావుడిగా చెప్పాల్సి వస్తోంది."

పెద్దామె భుజం మీద ఒక చెయ్యి పడింది. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు. చెయ్యి అక్కడ ఎక్కువసేపు ఉండలేదు, ఎందుకంటే చేను ఆగలేదు.

"ఈ మాట నీకు వినపడే వేళకి కండెల పీచు బయటికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ వారం నీళ్లు తప్పకూడదు. పీచు ఎండితే పుప్పొడి పట్టదు, కండె పళ్లూడిన నోరులా ఉంటుంది. వేరే ఏ తప్పునైనా చేను సర్దుకుంటుంది. దీన్ని సర్దుకోదు. వింటున్నావా? వెళ్లి మడవ తిప్పు."

కోడలు చీర చెంగు బొడ్లో దోపింది. తుమ్ములాయన ముందుకెళ్లి నిలబడింది.

"ఆ పార ఇలా ఇవ్వండి బాబాయ్‌గారూ."

ఆయన పార ఇచ్చాడు. ఇచ్చాక తనే వెంట వెళ్లాడు. కోడలు ఆయన మడవకి మట్టి తోస్తుంటే అటు చివర కాలితో తొక్కి పెట్టాడు. పార పట్టుకోవడం ఆమెకి సరిగ్గా రాదు. మొదటి దెబ్బకి మట్టి ఆమె మోకాళ్ల మీదే పడింది. రెండో దెబ్బకి నేర్చుకుంది. నీళ్లు కొంచెంసేపు ఎటు పోవాలో తేల్చుకోనట్టు తిరిగి, తూర్పు చెక్కలోకి దిగాయి.

కట్టడానికి నీలం పీలిక ఎవరి దగ్గరా లేదు. మేస్త్రి తన చెవి గుడ్డ విప్పి అంచు చించి ఇచ్చింది. అది నీలం కాదు, బూడిదరంగు.

"ఇవాళ్టికి ఇదే నీలం అనుకో," అంది.

కొడుకు మొక్కల మధ్య నిలబడి, బస్తా దగ్గర వినేటట్టే తల వంచి, ఒక మొక్కకి చెవి ఆనించి ఉన్నాడు. కోతవాళ్ల దగ్గరికి వచ్చి, కాలవ గట్టు పొడుగునా గడ్డి ఉంది కోసుకోండి, చేను జోలికి పోకండి అన్నాడు. తుమ్ములాయనతో కౌలు సంగతి మళ్లీ ఎత్తలేదు. తుమ్ములాయనా ఎత్తలేదు.

చిట్టచివరి సాలు పొద్దు బాగా ఎక్కాక మాట్లాడింది. అప్పటికి గొంతు అలిసిపోయి ఉంది.

"ఇంకొకటి ఉంది అమ్మాయ్. ముఖ్యమైంది. కోతకి సంబంధించింది. నాలిక చివరే ఉంది." చాలాసేపు ఆకుల గలగలే. "పోయింది. నువ్వు చూసుకో."

ఆ తర్వాత కోత దాకా ప్రతి పొద్దునా ఎండ తగలగానే చేను మొదటి నుంచి చివరి దాకా చెప్పేది. చుట్టుపక్కలవాళ్లు గట్టు మీద కూర్చుని వినిపోయేవాళ్లు. పెద్దామెకి కోడలు ఒక చిన్న స్టూలు వేసేది. కొన్ని రోజులు ఆమె తల ఊపుతూ వినేది. కొన్ని రోజులు కోడలి చెయ్యి గిల్లి అడిగేది.

"ఎవరమ్మాయ్ ఈవిడ?"

"తెలిసినావిడే అత్తయ్యా."

"పొలం చేసిన మనిషిలాగే ఉంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

కండెలు నిండాయి. పొరలు ఎండాయి. ఎప్పుడు కొయ్యాలో చెప్పే సాలు లేదు కాబట్టి కోడలు రోజూ ఒక కండె ఒలిచి, గింజ ఊడదీసి, తిప్పి తిప్పి చూసేది. పంటి కింద పెట్టి కొరికేది. గోరుతో గిచ్చితే పాలు వచ్చాయి, తర్వాత పిండి వచ్చింది, తర్వాత గోరే దిగలేదు. ఒకరోజు గింజ మొదట్లో, కండెకి అతుక్కున్న చోట, సూది మొనతో పెట్టినట్టు నల్లటి చుక్క కనిపించింది. పక్క గింజ తీసింది. దానికీ ఉంది. నిన్నటి గింజల్లో లేదు.

పరిగెత్తుకుంటూ వెళ్లి పెద్దామె అరచేతిలో పోసింది. "అత్తయ్యా, ఇదేనా మీరు మర్చిపోయింది? ఈ చుక్క వస్తే గింజకి ఇక తల్లితో పని లేదన్నమాటేనా?"

పెద్దామె గింజని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇదో, కాదో," అంది. "నువ్వు చూశావు కదా. ఇదే అనుకుందాం."

మిల్లులో కొడుకు తన చేను బస్తాల మూతి తనే విప్పి, చెవి ఆనించాడు. యజమాని దూరం నుంచి కనుబొమలెత్తి అడిగాడు. "నోరుందా?"

"ఉందండి," అన్నాడు కొడుకు. "ఎవరింటికి వెళ్లినా ఫరవాలేదు." ఒక బస్తా మాత్రం కాటా ఎక్కించకుండా విత్తనానికని ఇంటికి మోసుకొచ్చాడు.

ఆ తర్వాత తూర్పు చెక్కలో బొబ్బర్లు వేశారు. గట్టు మీద కంది వేశారు. మళ్లీ మొక్కజొన్న వంతు వచ్చేసరికి పెద్దామె పొలానికి దారి తనంతట తాను పట్టుకోలేని స్థితికి వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఒళ్లో విత్తనాల గిన్నె పెట్టింది. గిన్నెలో వేళ్లు పెట్టగానే ఆ చేతులు వాటంతట అవే పుచ్చు గింజలు ఏరి పక్కన పెట్టసాగాయి.

"చెంబేదీ?" అంది పెద్దామె ఉన్నట్టుండి. "చెంబు లేకుండా విత్తకూడదు."

"ఇదిగోండి. మీరు పట్టుకోండి."

పెద్దామె నోటినిండా నీళ్లు పోసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్లు పెద్దవి చేసి బుద్ధిగా కూర్చుంది. కోడలు మొదటి సాలు దగ్గర వంగింది. వేలి రెండో గీత దాకా మట్టిలోకి దించి, ఊపిరి బిగబట్టి, గింజ వదిలింది. దానిమీద మట్టి కప్పేలోగా నోరు తెరిచింది.

"అత్తయ్యా," అంది సాల్లోకి. "నేను మీ కోడల్ని. ఈ చెక్క మీరు చేసింది. ముందు మీరెవరో చెబుతాను, తర్వాత పంట సంగతి."